సెమాఫోర్ తాళం కాదు, లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం సి భాషలో ఒక ప్రోగ్రామ్ రాశారు. ఒకరు వస్తువులు తయారుచేసి బఫర్‌లో పెడతారు, ఇంకొకరు తీసుకుంటారు. బఫర్‌లో 8 గదులు. రెండు థ్రెడ్లతో, అంటే ఒకే మెమరీని పంచుకుంటూ పక్కపక్కన సాగే రెండు పనులతో, చక్కగా నడిచింది. ఇదే పనిని రెండు ప్రాసెస్‌లతో, అంటే ఎవరి మెమరీ వారిదిగా విడివిడిగా నడిచేవాటితో, చేసి చూపించమని మీ గైడ్ అడగడంతో థ్రెడ్‌ను పుట్టించే పీథ్రెడ్_క్రియేట్ తీసేసి, పేరెంట్ ప్రాసెస్ నుంచి చైల్డ్ అనే ప్రతిని పుట్టించే ఫోర్క్ పెట్టారు. ఎక్కడో చదివి, సెమాఫోర్‌కు మొదటి విలువ పెట్టే సెమ్_ఇనిట్ రెండో ఆర్గ్యుమెంట్‌ను 0 నుంచి 1కి మార్చారు. ఇప్పుడు చైల్డ్ ప్రాసెస్ మొదటి సెమ్_వెయిట్ దగ్గరే నిద్రపోతోంది. పేరెంట్ సరిగ్గా 8 వస్తువులు పెట్టి తానూ ఆగిపోతోంది. మూడు సెమాఫోర్లూ (సెమ్_వెయిట్ ఒకటి తగ్గించే, సెమ్_పోస్ట్ ఒకటి పెంచే లెక్కలు; 0 ఉంటే వెయిట్ ఆగుతుంది) గ్లోబల్ వేరియబుల్స్. దీనికి తోడు ఒక కొసరు ప్రశ్న: 1తో మొదలయ్యే బైనరీ సెమాఫోర్ ఉండగా, ఒకసారి ఒక్కరినే లోపలికి వదిలే మ్యూటెక్స్ అనే తాళం ఎందుకు?

"సరిగ్గా 8 పెట్టి ఆగింది" అన్న మాట మీరు రాయకపోతే నేను కోడ్ మొత్తం అడిగేవాడిని. ఆ 8 చూడగానే రోగం తెలిసిపోయింది. పేరెంట్ దగ్గర ఖాళీ గదుల లెక్క 8 నుంచి ఒక్కొక్కటిగా తగ్గి 0 అయింది, దాన్ని పెంచేవాళ్లు ఎవరూ రాలేదు. చైల్డ్ దగ్గర నిండిన గదుల లెక్క మొదటి నుంచీ 0, దాన్నీ ఎవరూ పెంచలేదు. పేరెంట్ సెమ్_పోస్ట్ చేస్తూనే ఉంది, మీరు పెట్టిన ప్రింట్ లైన్లు అబద్ధం చెప్పడం లేదు. అది పెంచినది తన దగ్గరున్న ప్రతిని మాత్రమే. ఫోర్క్ జరిగిన క్షణం నుంచి గ్లోబల్ వేరియబుల్స్ అన్నింటికీ రెండు ప్రతులు ఉన్నట్టే లెక్క. ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్ నిజంగా కాపీ చేసేది ఎవరో ఒకరు ఆ మెమరీ పేజీలో రాసినప్పుడే, కానీ సెమ్_పోస్ట్ అంటేనే రాయడం కదా. ఒకే ఇంటి అన్నదమ్ములు వేరుపడి చెరొక ఖాతా పుస్తకం పట్టుకుపోయాక, అన్న తన పుస్తకంలో జమ రాస్తే తమ్ముడి పుస్తకంలో పెరగదు.

మరి ఆ 1 సంగతి? చాలామంది తడబడేది ఇక్కడే. రెండో ఆర్గ్యుమెంట్ 1 అంటే "ఈ సెమాఫోర్‌ను ప్రాసెస్‌ల మధ్య పంచు" అనే ఆజ్ఞ అనుకుంటారు. అది ఆజ్ఞ కాదు, మీరు లైబ్రరీకి ఇచ్చే హామీ: "నేను దీన్ని పంచుకున్న మెమరీలోనే పెట్టాను, ఆ సంగతి తెలుసుకుని ప్రవర్తించు" అని. మెమరీని పంచే పని మీదే. లైనక్స్‌లో ఈ 1 లోపల ఏం చేస్తుందో తెలిస్తే మళ్లీ మరిచిపోరు. సెమాఫోర్ లెక్క మామూలు మెమరీలోనే ఉంటుంది. లెక్క 0 కానప్పుడు సెమ్_వెయిట్ దాన్ని అటామిక్‌గా, అంటే మధ్యలో ఎవరూ దూరలేని ఒకే అడుగులో, ఒకటి తగ్గించి వెళ్లిపోతుంది, కెర్నెల్ గడప తొక్కదు. లెక్క 0 అయినప్పుడే ఫ్యూటెక్స్ అనే సిస్టమ్ కాల్ ద్వారా కెర్నెల్‌లో నిద్రపోతుంది. ఎవరు ఏ చిరునామా మీద నిద్రపోతున్నారో కెర్నెల్ ఒక పట్టికలో రాసుకుంటుంది. రెండో ఆర్గ్యుమెంట్ 0 అయితే ఆ పట్టికలో గుర్తు "ఈ ప్రాసెస్‌లోని ఈ చిరునామా". 1 అయితే గుర్తు ఆ చిరునామా వెనక నిజంగా ఉన్న పంచుకున్న పేజీ.

దీని వల్ల ఒక చిత్రమైన లోపం పుడుతుంది. మీరు మెమరీని సరిగ్గా పంచి, ఆర్గ్యుమెంట్ మాత్రం 0గా వదిలేశారనుకోండి. లెక్క రెండు ప్రాసెస్‌లకూ సరిగ్గానే కనిపిస్తుంది. ఎవరూ నిద్రపోవాల్సిన అవసరం రానంతసేపు ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది. ఒకరు నిద్రపోయిన రోజున అవతలి ప్రాసెస్ లేపుతుంది కానీ ఆ పిలుపు వీళ్లకు చేరదు. లెక్క 3 అని చూపిస్తున్నా చైల్డ్ మాత్రం పడుకునే ఉంటుంది. మీ లోపం మొదటి పరుగులోనే బయటపడింది, అదృష్టం. ఇలాంటిది బయటపడేది ప్రాజెక్టు ప్రదర్శన నాడే.

కాబట్టి చేయాల్సింది ఇది. మూడు సెమాఫోర్లు, బఫర్, ఎక్కడ రాయాలి ఎక్కడ చదవాలి అనే రెండు సూచికలు, వీటన్నింటినీ ఒకే స్ట్రక్చర్‌లో పెట్టండి. ఫోర్క్‌కు ముందు, కెర్నెల్‌ను మెమరీ అడిగే ఎంమ్యాప్‌తో, మ్యాప్_షేర్డ్, మ్యాప్_అనానిమస్ ఫ్లాగులతో ఆ స్ట్రక్చర్‌కు సరిపడా చోటు తీసుకోండి. సెమ్_ఇనిట్‌లు మూడూ ఫోర్క్‌కు ముందే, ఒక్కసారే చేయండి. ఫోర్క్ తర్వాత ఇద్దరూ చేస్తే, ఒకరు అప్పటికే వాడుతున్న లెక్కను ఇంకొకరు మొదటికి తెస్తారు. బఫర్‌ను పంచడం మరిచిపోకండి. సెమాఫోర్లను మాత్రమే పంచి, బఫర్‌ను గ్లోబల్‌గా వదిలేసి, లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా చైల్డ్‌కు సున్నాలే ఎందుకు వస్తున్నాయని రెండు రోజులు కూర్చున్నవాళ్లను చూశాను. ఇంకా ఒకటి: బఫర్‌లో మాలాక్‌తో తీసుకున్న పాయింటర్లు, అంటే హీప్ అనే మెమరీ భాగంలోని చిరునామాలు, పెట్టవద్దు. థ్రెడ్లలో అది నడిచింది, ఎందుకంటే హీప్ అందరిదీ. ప్రాసెస్‌లలో పేరెంట్ ఇచ్చిన చిరునామా చైల్డ్‌లో వేరే దేనినో చూపిస్తుంది, లేదా ప్రోగ్రామ్ అక్కడికక్కడే కూలిపోతుంది. వస్తువునే గదిలో పెట్టండి, దాని చిరునామాను కాదు.

మీది మ్యాక్ అయితే ఇంకో మెలిక ఉంది. అక్కడ సెమ్_ఇనిట్ కంపైల్ అవుతుంది కానీ పనిచేయదు, మైనస్ 1 ఇచ్చి ఊరుకుంటుంది. ఆ ఫలితాన్ని ఎవరూ చూడరు కాబట్టి సెమాఫోర్ ఉందనుకునే ముందుకు వెళతారు. అక్కడ పేరుగల సెమాఫోర్లు, అంటే సెమ్_ఓపెన్‌తో తెరిచేవి వాడాలి. వాటి కథ కింద చెబుతాను, అందులో నా సొంత గాయం ఒకటి ఉంది.

ఇప్పుడు శీర్షికలోని మాటకు వస్తాను. సెమాఫోర్ అనగానే తాళం అని నేర్పుతారు, మీ కొసరు ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది. సెమాఫోర్ ఒక లెక్క. ఆ లెక్క 0 కంటే కిందికి పోదు, తగ్గించాలనుకున్నవాడు లెక్క పెరిగే వరకూ ఆగుతాడు. అంతే దాని స్వభావం. నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1960ల మొదట్లో దీన్ని ఊహించినప్పుడు రెండు పనులకు పి, వి అని రెండు అక్షరాలే పేర్లుగా పెట్టాడు. వి అంటే డచ్ భాషలో పెంచడం. పి కోసం "తగ్గించడానికి ప్రయత్నించు" అనే అర్థంలో ఆయన ఒక కొత్త మాటనే పుట్టించాడు. చూడండి, తాళం వేయడం, తీయడం అన్న ఊసే లేదు. సెమాఫోర్ అన్న పేరు రైలు సిగ్నల్ నుంచి వచ్చింది. స్టేషన్ శివార్లలో స్తంభానికి ఒక పొడవాటి రెక్క ఉండేది, అడ్డంగా ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. ఆ రెక్కను వాల్చేది బండి డ్రైవర్ కాదు, కేబిన్‌లో ఉన్న మనిషి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మ్యూటెక్స్ దగ్గర మళ్లీ కావాలి.

కాబట్టి ఏ సెమాఫోర్‌ను చూసినా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను: ఇది దేనిని లెక్కిస్తోంది, ఆ లెక్క ఎవరి మెమరీలో ఉంది? రెండో ప్రశ్న మీ ఫోర్క్ సమస్యను తేల్చింది. మొదటి ప్రశ్న మీ బఫర్‌ను తేలుస్తుంది. వేరియబుల్స్‌కు ఎస్1, ఎస్2, ఎస్3 అని పెట్టారు. వాటిని "ఖాళీలు", "నిండినవి", "తాళం" అని మార్చండి. పేరు మారగానే మొదటి విలువలు ఎంతో ఎవరినీ అడగనక్కరలేదు. ఖాళీలు 8, నిండినవి 0, తాళం 1. తయారుచేసేవాడి పని ఇలా సాగుతుంది:

సెమ్_వెయిట్(&ఖాళీలు);
సెమ్_వెయిట్(&తాళం);
వస్తువును గదిలో పెట్టు;
సెమ్_పోస్ట్(&తాళం);
సెమ్_పోస్ట్(&నిండినవి);

తీసుకునేవాడిది దీనికి అద్దం: ముందు నిండినవి, తర్వాత తాళం, చివర్లో ఖాళీలు పెంచడం. ఇందులో మొదటి రెండు వరుసలు తారుమారైతే ఏమవుతుందో కాగితం మీద గీసి చూడండి. తయారుచేసేవాడు తాళం పట్టుకుని ఖాళీ గది కోసం ఆగుతాడు. తీసుకునేవాడికి నిండిన గది ఉంది కానీ తాళం దొరకదు. ఎప్పటికీ దొరకదు. పాడు సంగతి ఏమిటంటే ఇది బఫర్ నిండినప్పుడే బయటపడుతుంది. తీసుకునేవాడు చురుకైనవాడైతే బఫర్ ఎప్పుడూ నిండదు, ప్రోగ్రామ్ నెలల తరబడి నడుస్తుంది. అందుకే పరీక్షించేటప్పుడు గదుల సంఖ్య 1 చేసి, ఒకసారి తీసుకునేవాడి లూప్‌లో, ఒకసారి పెట్టేవాడి లూప్‌లో చిన్న నిద్ర పెట్టి నడపండి. పోస్ట్‌ల వరుస మారినా ప్రమాదం లేదు, పోస్ట్ ఎవరి కోసమూ ఆగదు కాబట్టి.

ఒక మాట పక్కన పెట్టి చెబుతున్నాను. మీ ప్రోగ్రామ్‌లో పెట్టేవాడు ఒక్కడే, తీసుకునేవాడూ ఒక్కడే. రాసే సూచికను పెట్టేవాడే, చదివే సూచికను తీసుకునేవాడే ముట్టుకుంటే మూడో సెమాఫోర్ అవసరమే లేదు. ఇద్దరూ ఒకే గదిలో ఒకే సమయంలో ఉండకుండా మిగతా రెండు లెక్కలే చూసుకుంటాయి. ఇద్దరు పెట్టేవాళ్లు వచ్చిన రోజున, లేదా "మొత్తం ఎన్ని ఉన్నాయి" అనే వేరియబుల్‌ను ఇద్దరూ మార్చేటప్పుడు తాళం కావాలి. వైవాలో ఇది అడిగితే చెప్పండి, గైడ్ ముఖం వెలుగుతుంది.

మీ కోడ్‌లో "సిద్ధం" అనే ఫ్లాగ్‌కు వోలటైల్ తగిలించి, అది మారే వరకూ వైల్ లూప్‌లో తిరిగారు. అది తీసేయండి. వోలటైల్ అంటే "ప్రతిసారీ మెమరీ నుంచి చదువు" అని కంపైలర్‌కు చెప్పడం మాత్రమే. ఒక థ్రెడ్ రాసిన మిగతా విషయాలు ఇంకో థ్రెడ్‌కు అదే వరుసలో కనిపిస్తాయనే హామీ అందులో లేదు. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిగా ఉన్న పోసిక్స్ ప్రమాణం ఆ హామీని సెమ్_పోస్ట్‌కు, సెమ్_వెయిట్‌కు ఇచ్చింది. పోస్ట్‌కు ముందు రాసినవన్నీ ఆ పోస్ట్ వల్ల వెయిట్ దాటినవాడికి కనిపిస్తాయి. "సిద్ధం" అన్నది కూడా ఒక లెక్కే: 0తో మొదలయ్యే సెమాఫోర్ పెట్టి, సిద్ధమైనవాడు ఒకసారి పోస్ట్ చేస్తే చాలు.

రెండు థ్రెడ్లు ఒకే కౌంటర్‌ను పది లక్షల సార్లు పెంచితే ఇరవై లక్షలు రావాలి, రావడం లేదని చూపించే ప్రదర్శన మీ ల్యాబ్‌లోనూ చేసి ఉంటారు. పెంచడం అంటే చదవడం, కలపడం, రాయడం అనే మూడు అడుగులు, మధ్యలో ఇంకొకరు దూరుతారు, నిజమే. అదే ప్రోగ్రామ్‌ను జీసీసీ కంపైలర్‌లో, కోడ్‌ను వేగవంతం చేసే ఓ2 స్థాయితో కంపైల్ చేసి చూడండి. కంపైలర్ లూప్ మొత్తాన్ని "పది లక్షలు కలుపు" అనే ఒకే పనిగా మార్చేస్తుంది, దాదాపు ప్రతిసారీ జవాబు సరిగ్గా వస్తుంది. లోపం పోలేదు, ముసుగు వేసుకుంది. సమకాలీకరణ లోపాలను "నడిపి చూశాను, బాగానే వచ్చింది" అనే కొలతతో కొలవకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే. ఇలాంటి పోటీలను పట్టుకునే పనిముట్లు ఉన్నాయి: జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో థ్రెడ్ శానిటైజర్, వాల్‌గ్రైండ్‌లో హెల్‌గ్రైండ్. వాటిని వాడండి. అయితే అవి థ్రెడ్ల కోసమే. ప్రాసెస్‌ల మధ్య పంచుకున్న మెమరీలో జరిగే పోటీ వాటి కంట పడదు. నేనైతే ముందు థ్రెడ్లతో రాసి శానిటైజర్ కింద శుభ్రం చేసుకుని, ఆ తర్వాతే ఫోర్క్‌కు మారుస్తాను.

ఇక బైనరీ సెమాఫోర్, మ్యూటెక్స్. ఇంటర్వ్యూలలో బాత్రూమ్ తాళంచెవుల కథ ఒకటి తిరుగుతూ ఉంటుంది: ఒక చెవి ఉంటే మ్యూటెక్స్, నాలుగు గదులకు నాలుగు చెవులుంటే సెమాఫోర్ అని. ఆ కథ మరిచిపోండి. తేడా చెవుల సంఖ్యలో లేదు. మ్యూటెక్స్‌కు యజమాని ఉంటాడు, లెక్కకు యజమాని ఉండడు. మ్యూటెక్స్‌ను ఎవరు వేశారో వాళ్లే తీయాలి. సెమాఫోర్‌ను ఒకరు తగ్గించవచ్చు, వేరొకరు పెంచవచ్చు. రైలు రెక్కను డ్రైవర్ కాకుండా కేబిన్ మనిషి వాల్చినట్టు, మీ బఫర్‌లో "నిండినవి" అనే లెక్కను పెట్టేవాడు పెంచుతాడు, తీసుకునేవాడు తగ్గిస్తాడు. సెమాఫోర్ పుట్టిందే అందుకు. దాన్ని తాళంగా వాడితే పనిచేస్తుంది, కానీ యజమాని లేని తాళం అవుతుంది.

యజమాని లేకపోతే ఏం పోతుంది? మొదటిది, పోసిక్స్‌లో బైనరీ సెమాఫోర్ అనే వస్తువే లేదు. 1తో మొదలుపెట్టడం మీ ఉద్దేశం మాత్రమే. ఎర్రర్ వచ్చిన దారిలో ఎవరైనా పొరపాటున రెండుసార్లు పోస్ట్ చేస్తే లెక్క 2 అవుతుంది, ఆ తర్వాత ఇద్దరు ఒకేసారి లోపలికి వెళతారు, ఎవరూ ఎర్రర్ ఇవ్వరు. లైనక్స్‌లో ఆ లెక్క 2147483647 దాకా పెరుగుతుంది. ఎర్రర్ తనిఖీ పెట్టిన మ్యూటెక్స్ అయితే తనది కాని తాళాన్ని తీయబోయినవాడికి అక్కడే తప్పు చూపిస్తుంది. ఫ్రీఆర్‌టీఓఎస్ వంటి చిన్న వ్యవస్థలలో బైనరీ సెమాఫోర్ నిజంగానే 1 దగ్గర ఆగుతుంది. అక్కడ నేర్చుకున్న అలవాటుతో లైనక్స్‌కు వచ్చినవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

రెండోది ప్రాధాన్యం. దీనికి 1997లో అంగారకుడి మీద జరిగిన సంఘటన కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ ఏడాది జులై 4న మార్స్ పాత్‌ఫైండర్ దిగింది. కొన్నాళ్లకు దాని కంప్యూటర్ తనంతట తాను రీసెట్ అవడం మొదలైంది. అందులో నడిచేది వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. వాతావరణ వివరాలు సేకరించే పనికి తక్కువ ప్రాధాన్యం, సమాచార బస్‌ను నడిపే పనికి ఎక్కువ ప్రాధాన్యం, ఇద్దరికీ ఒకే తాళం. వాతావరణ పని తాళం పట్టుకున్న సమయంలో, మధ్య ప్రాధాన్యం ఉన్న కమ్యూనికేషన్ పని వచ్చి దాన్ని పక్కకు నెట్టి ప్రాసెసర్ తీసుకునేది. తాళం పట్టుకున్నవాడు నడవడు, తాళం కోసం చూస్తున్న పెద్దవాడూ నడవడు, మధ్యవాడు మాత్రం తాపీగా నడుస్తాడు. బస్ పని సమయానికి పూర్తి కాలేదని కాపలా టైమర్ మొత్తం వ్యవస్థను రీసెట్ చేసేది. ఆ మ్యూటెక్స్‌లో ప్రాధాన్యాన్ని వారసత్వంగా ఇచ్చే సౌకర్యం ఉంది, కానీ ఆపి ఉంచారు. భూమి మీద అదే నమూనాపై లోపాన్ని మళ్లీ పుట్టించి చూసి, ఆ సౌకర్యాన్ని ఇక్కడి నుంచే ఆన్ చేశారు, రీసెట్లు ఆగిపోయాయి.

వారసత్వం అంటే, తాళం పట్టుకున్న చిన్నవాడికి తాత్కాలికంగా పెద్దవాడి ప్రాధాన్యం ఇవ్వడం. ఇవ్వాలంటే తాళం ఎవరి చేతిలో ఉందో తెలియాలి. మ్యూటెక్స్‌లో తెలుసు. సెమాఫోర్‌లో లెక్క 0 అని మాత్రమే తెలుసు, రేపు దాన్ని ఎవరు పెంచుతారో కెర్నెల్‌కు ఎలా తెలుస్తుంది? లైనక్స్ కెర్నెల్ లోపల కూడా చాలాకాలం సెమాఫోర్లనే తాళాలుగా వాడారు. 2006లో వచ్చిన 2.6.16తో మ్యూటెక్స్ విడిగా వచ్చింది, ఆ తర్వాత అలాంటి సెమాఫోర్లను వరుసగా మార్చుకుంటూ పోయారు. సి11 ప్రమాణంలోని థ్రెడ్ల భాగంలోనూ మ్యూటెక్స్, కండిషన్ వేరియబుల్ ఉన్నాయి, సెమాఫోర్ లేదు.

మూడోది మరణం. ఇక్కడే నా గాయం. చాలా ఏళ్ల క్రితం పనిచేసిన చోట, రెండు సర్వీసులు పంచుకునే ఒక పట్టికకు పేరుగల సెమాఫోర్‌ను తాళంగా పెట్టాను. సెమ్_ఓపెన్‌కు ఓ_క్రియేట్ ఫ్లాగ్, మొదటి విలువ 1. ఎంత చక్కని కోడ్ రాశానో అనుకున్నాను. కొన్ని వారాలకోసారి ఒక యంత్రంలో సర్వీసు ఆగిపోయేది. సర్వీసును పునఃప్రారంభించినా కదిలేది కాదు. యంత్రాన్ని రీబూట్ చేస్తే మాత్రం బాగయ్యేది. "రీబూట్ చేస్తే పోతుంది" అని ఒక సూచన రాసి పెట్టాం, ఆ సూచనతో మూడు నెలలు బతికాం. హార్డ్‌వేర్ మీద అనుమానపడి ఒక మెమరీ కార్డు కూడా మార్చాం.

జరిగింది ఇది. మెమరీ తక్కువైనప్పుడు కెర్నెల్ ఒక సర్వీసును చంపేసేది. అది సెమ్_వెయిట్‌కు, సెమ్_పోస్ట్‌కు మధ్య ఉన్న ఆ కొన్ని వరుసలలో చనిపోతే లెక్క 0గా మిగిలిపోతుంది. పేరుగల సెమాఫోర్ ప్రాసెస్‌తో పాటు పోదు. లైనక్స్‌లో అది డెవ్ కింద ఉండే షమ్ అనే డైరెక్టరీలో ఒక ఫైల్‌గా కూర్చుంటుంది. సర్వీసు మళ్లీ లేచి సెమ్_ఓపెన్ పిలిస్తే, ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంది కాబట్టి అదే దొరుకుతుంది. నేను ఇచ్చిన 1ని ఎవరూ పట్టించుకోరు. ఆ విలువ కొత్తగా పుట్టినప్పుడే పనికొస్తుంది. ఇక లేవగానే 0 మీద నిద్ర. ఆ డైరెక్టరీ మెమరీలోనే ఉండేది కాబట్టి రీబూట్‌తో ఫైల్ పోతుంది, సమస్య "తీరుతుంది". ఒక రాత్రి రెండింటికి ఆ డైరెక్టరీలోకి ఊరికే తొంగిచూసి, చనిపోయిన ప్రాసెస్ పుట్టకముందు తేదీతో నా సెమాఫోర్ ఫైల్ కనిపించినప్పుడు, మార్చిన ఆ మెమరీ కార్డు గుర్తొచ్చి సిగ్గేసింది.

దీనికి సెమ్_అన్‌లింక్‌తో మొదట్లోనే పాత పేరు తీసేయడం సగం మందు మాత్రమే. రెండో సర్వీసు పాతదాన్ని పట్టుకుని ఇంకా బతికే ఉంటే, ఇప్పుడు ఇద్దరి చేతుల్లో రెండు వేర్వేరు లెక్కలు ఉంటాయి, అంటే మళ్లీ మీ ఫోర్క్ రోగమే. సరైన మందు, తాళం పని తాళానికే ఇవ్వడం. పంచుకున్న మెమరీలో రోబస్ట్ రకం పీథ్రెడ్ మ్యూటెక్స్ పెట్టాను. యజమాని చనిపోతే తర్వాత వచ్చినవాడికి "పాత యజమాని పోయాడు, లోపలి సమాచారం సగంలో ఉండవచ్చు, సరిచూసుకో" అనే కోడ్‌తో తాళం దక్కుతుంది. మామూలు అవసరాలకు ఎఫ్‌సీఎన్‌టీఎల్ ఫైల్ లాక్ కూడా చాలు, ప్రాసెస్ చనిపోగానే కెర్నెల్ దాన్ని వదిలేస్తుంది.

పాత సిస్టమ్ ఫైవ్ సెమాఫోర్ల గురించి మీ సిలబస్‌లో ఉంటుంది: సెమ్‌గెట్, సెమ్‌ఆప్, సెమ్‌సీటీఎల్. వాటి ఇంటర్‌ఫేస్ వికారంగా ఉంటుంది, సృష్టించడం ఒక కాల్, మొదటి విలువ పెట్టడం ఇంకో కాల్, ఆ రెంటి మధ్య సందులో ఇంకొకరు దూరవచ్చు. కానీ ఒక మంచి గుణం ఉంది. సెమ్_అన్‌డూ ఫ్లాగ్ పెడితే, ప్రాసెస్ చనిపోయినప్పుడు అది తగ్గించిన లెక్కను కెర్నెల్ తిరిగి పెంచుతుంది. పోసిక్స్ సెమాఫోర్లలో ఇది లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లైనక్స్‌లో చాలాకాలం వీటినే వాడింది. 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి పేరులేని పోసిక్స్ సెమాఫోర్లకు మారింది, అంటే పంచుకున్న మెమరీలో సెమ్_ఇనిట్, మీకు చెప్పిన పద్ధతే. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ వచ్చాక, వాడుకరి లాగౌట్ అవగానే అతని పేరున ఉన్న సెమాఫోర్లను తుడిచేసే అమరిక వల్ల నడుస్తున్న డేటాబేస్ కాళ్ల కింద నేల జారిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఆ అమరికను ఆపమని పోస్ట్‌గ్రెస్ పత్రాలే చెబుతాయి. ల్యాబ్‌లో మిగిలిపోయినవాటిని ఐపీసీఎస్‌తో చూసి ఐపీసీఆర్‌ఎమ్‌తో తీసేయండి, ఉమ్మడి సర్వర్ అయితే మీ వెనక వచ్చే బ్యాచ్ మీకు రుణపడి ఉంటుంది.

సెమ్_వెయిట్ ఫలితాన్ని మీరు ఎక్కడా చూడలేదు. చూడాలి. సిగ్నల్ హ్యాండ్లర్‌ను రీస్టార్ట్ ఫ్లాగ్ లేకుండా పెట్టి ఉంటే, నిద్ర మధ్యలో సిగ్నల్ వచ్చినప్పుడు సెమ్_వెయిట్ మైనస్ 1తో తిరిగి వస్తుంది, తప్పు కారణం చెప్పే ఎర్‌నోలో ఈఇంటర్, అంటే "మధ్యలో అంతరాయం" అనే కోడ్, ఉంటుంది. లెక్క తగ్గలేదు, కానీ మీ కోడ్ తగ్గిందనుకుని లోపలికి వెళుతుంది. ఈఇంటర్ వచ్చినంతసేపు మళ్లీ పిలిచే చిన్న ఫంక్షన్ రాసుకుని, అన్నిచోట్లా దాన్నే వాడండి. సెమ్_టైమ్డ్‌వెయిట్ వాడితే, అది అడిగేది "5 సెకన్లు ఆగు" అని కాదు, "ఫలానా సమయం దాకా ఆగు" అని. ప్రస్తుత సమయానికి 5 కలిపి ఇవ్వాలి. ఉత్త 5 ఇస్తే 1970 జనవరి 1న గడిచిపోయిన గడువు అది, లెక్క 0 అయితే వెంటనే తిరిగి వస్తుంది. సెమ్_గెట్‌వాల్యూ చూసి నిర్ణయం తీసుకునే కోడ్ కూడా మీ దాంట్లో ఒకచోట ఉంది. చదివిన మరుక్షణమే ఆ విలువ పాతది. నిజంగా ఆగకుండా ప్రయత్నించాలంటే సెమ్_ట్రైవెయిట్ ఉంది. గెట్‌వాల్యూను ప్రింట్ లైన్లకు మాత్రమే ఉంచుకోండి.

ఈసారి ఆగిపోతే ప్రింట్లు పెంచకుండా, ఆగిన ప్రాసెస్‌కు జీడీబీ అనే డీబగ్గర్ తగిలించి అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ల గుండా ఎక్కడిదాకా వచ్చాయో చూపే జాబితా, తీయండి. ఎవరు ఏ సెమాఫోర్ దగ్గర ఉన్నారో చిరునామాతో సహా కనిపిస్తుంది. రెండు ప్రాసెస్‌లలోనూ ఆ సెమాఫోర్‌ను ప్రింట్ చేసి చూడండి. ఒకదానిలో 8, ఇంకోదానిలో 0 కనిపిస్తే పుస్తకాలు వేరుపడ్డాయని అర్థం.

చివరగా మీ ముగింపు. పేరెంట్ పని అయిపోయాక చైల్డ్‌కు కిల్ సిగ్నల్ పంపుతున్నారు. అలా పంపితే బఫర్‌లో మిగిలిన వస్తువులు గాలికి పోతాయి, తాళం పట్టుకుని ఉన్నప్పుడు చస్తే పైన చెప్పిన కథే. బదులుగా "ఇక లేవు" అని చెప్పే ఒక ప్రత్యేక వస్తువును, ఉదాహరణకు మైనస్ 1ని, మామూలు వస్తువులాగే అదే వరుసలో బఫర్‌లో పెట్టండి. చైల్డ్ దాన్ని తీసుకోగానే తనంతట తాను వెళ్లిపోతుంది. తీసుకునేవాళ్లు ముగ్గురైతే అలాంటివి మూడు పెట్టాలి, ఒక్కొక్కరికి ఒకటి. పేరెంట్ వెయిట్‌పీఐడీతో పిల్లలందరూ వెళ్లారని చూసుకున్న తర్వాతే సెమ్_డిస్ట్రాయ్, ఆ తర్వాతే మెమరీని తిరిగి ఇచ్చే మన్‌మ్యాప్. ఇది మార్చి నడిపి చూడండి. మళ్లీ ఆగితే రెండు బ్యాక్‌ట్రేస్‌లూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.